జానెడు ఎత్తు

నేను ఒక జీడిపిక్కలు కోసే మిషన్ను. మిషన్ అనగానే మోటారు, కరెంటు, ఎర్రదీపం, పచ్చదీపం ఊహించుకోకండి. నాకు అవేవీ లేవు. నాలుగు ఇనుప కాళ్లు, వాటి మీద ఒక పలక, పలక మీద ఎదురెదురుగా రెండు వంకర కత్తులు, పక్కన ఒక పిడి, కింద కాలితో తొక్కడానికి ఒక పెడలు. మిగిలిందంతా మనిషే. ఎడమచేత్తో పిక్కను కత్తుల మధ్య నిలబెట్టాలి. కాలితో పెడలు తొక్కాలి. కత్తులు పిక్కను కరుచుకోగానే కుడిచేత్తో పిడిని పక్కకు లాగాలి. టక్కుమని పెంకు రెండుగా విచ్చుకుంటుంది. లోపల పప్పు ఎర్రటి పొట్టు కప్పుకుని, చెక్కు చెదరకుండా కూర్చుని ఉంటుంది.

నన్ను తయారుచేసినవాడు కాశీబుగ్గ ఫిట్టరు కూర్మారావు. తన షెడ్డులోకి తనే తల వంచి వెళ్లాల్సినంత పొడుగు మనిషి. చేతిలో మంచి పని ఉంది. నా కత్తులకు ఆయన పెట్టిన వంపు చూసి ఒడిశా నుంచి కూడా మనుషులు వచ్చి కొలతలు రాసుకుని వెళ్లేవారు. కాళ్లు అతికించే రోజు ఆయన నా ముందు నిటారుగా నిలబడి, మోచేయి మడిచి, అరచేయి గాల్లో ఆపి, "ఇదీ పిడి ఎత్తు" అన్నాడు. ఆ ఎత్తుకే పిడి బిగించాడు. తర్వాత ముప్పై పిక్కలు కోసి చూసుకున్నాడు. ఒక్క పప్పూ విరగలేదు. "బంగారం" అని నా పలక మీద చరిచాడు. నేనూ నిజమేననుకున్నాను.

పలాస శివార్లలో ఒక పొడవాటి రేకుల షెడ్డు. అందులో రెండు వరసల్లో ఇరవై నాలుగు మిషన్లం, అందరం ఆయన చేతి పనే, అందరిదీ ఒకే ఎత్తు. ప్రతి మిషన్ ముందూ కోసే ఆవిడ నిలబడుతుంది, ఎదురుగా పీట మీద పప్పు తీసే ఆవిడ కూర్చుంటుంది. కోసి పడేసిన పిక్కలోంచి సన్నటి కత్తితో పప్పును పైకి లాగడం ఆవిడ పని. షెడ్డంతా ఉడికిన పిక్కల వాసన, ఘాటైన జీడి వాసన. పెంకులోంచి కారే ఆ జీడి చర్మానికి తగిలితే పొక్కుతుంది. అందుకని ఆడవాళ్లు పొద్దున్నే ఆముదం, బూడిద కలిపి మోచేతుల దాకా రాసుకుని పనిలోకి దిగేవారు.

నా దగ్గరకు వచ్చిన మనిషి పేరు రోయిణమ్మ. ఉద్దానం పల్లె నుంచి పలాసకు కాపురం వచ్చింది. పొట్టి మనిషి. నిలబడితే నా పిడి ఆవిడ భుజానికి రెండంగుళాలు కింద ఉండేది. ఎదురుగా పీట మీద కూర్చునేది దాలమ్మ, ఆవిడకంటే పదేళ్లు పెద్ద. అక్కలాంటిదని రోయిణమ్మ ఆవిణ్ణి 'అప్పా' అనేది. దాలమ్మకు నోటినిండా కబుర్లు.

రోయిణమ్మ మొదటి వారమంతా పప్పులు విరగ్గొట్టింది. తొమ్మిదో రోజో పదో రోజో, ఆ చేతికి ఏదో తెలిసిపోయింది. అది ఎలా తెలిసిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. ఏ రెండు పిక్కలూ ఒక్కలా ఉండవు. ఒకటి లావు, ఒకటి బక్క, ఒకటి వంకర. నేను మాత్రం ఎప్పుడూ ఒక్కలాగే కరుస్తాను. ఆ తేడా అంతా ఆవిడ వేళ్లే సర్దుకునేవి. పిక్క వేలికి తగిలిన క్షణంలోనే దాని లావెంతో, కాలు ఎంత నొక్కాలో, చెయ్యి ఎంత లాగాలో లెక్క అయిపోయేది. దాలమ్మతో మాట్లాడుతూనే, నవ్వుతూనే, కళ్లు వేరే ఎక్కడో ఉండగానే అయిపోయేది. నిమిషానికి పద్దెనిమిది, ఇరవై. రోజుకు ఎనిమిది తొమ్మిది వేలు. నాకు అలసట లేదు కాబట్టి అందులో గొప్పేమీ లేదు. రక్తమాంసాలున్న మనిషి ఆ పని చేస్తుంటే ఇనుమునైన నేను నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. పని వల్ల ఎలాగూ తెరుచుకునే ఉండేది లెండి.

పదకొండేళ్లు గడిచాయి.

మొదట మణికట్టు నొప్పి వచ్చింది. భోజనాల వేళ రోయిణమ్మ ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకుని కూర్చునేది. తర్వాత పని మధ్యలో పిడి వదిలి చెయ్యి విదిలించేది. తర్వాత ఆవిడ రవిక మీదుగా నొప్పుల మందు వాసన మొదలైంది. ఒకరోజు కొప్పు జారిపోతే ఎడమచేత్తోనే పైకి నెట్టుకుని, పళ్లతో రిబ్బను పట్టుకుని, నానా తంటాలు పడింది.

"ఒక్క సేత్తో ముడెస్తన్నావేటే?" అంది దాలమ్మ.

"కుడి సెయ్యి పైకి నెగట్లేదప్పా. రాత్రి తొంగుంటే మరీ సలుపు."

"వాతం. జిల్లేడాకు ఎచ్చజేసి కట్టు."

జిల్లేడాకు కట్టింది. తర్వాత ఆవనూనె రాసింది. తర్వాత ఎవరో చెబితే తాయెత్తు కట్టించుకుంది. షెడ్డులో ప్రతివాళ్లకీ ఒక కారణం తెలుసు. వాతమన్నారు, వయసన్నారు, కాన్పుల నీరసమన్నారు, మంచు గాలి అన్నారు, ఎవరి దిష్టో అన్నారు. పదకొండేళ్లుగా ఆవిడ భుజానికి ఎదురుగా నిలబడి ఉన్న నా వైపు మాత్రం ఎవరూ చూడలేదు. పైగా నాకు సోమవారం సోమవారం కీళ్లకు నూనె. దసరాకు పసుపు, కుంకుమ, నిమ్మకాయ. మనుషులు ఇనుప కీళ్లను చూసుకున్నంత శ్రద్ధగా సొంత కీళ్లను చూసుకోరు.

రోయిణమ్మ తెలివైనది. ఒకరోజు రెండు ఇటుకలు తెచ్చి నా ముందు వేసి వాటి మీద నిలబడింది. భుజానికి సుఖంగానే ఉన్నట్టుంది, కానీ పెడలు కిందికి పోయింది. తొక్కిన ప్రతిసారీ కాలు గోతిలోకి దిగినట్టు దిగేది. సాయంత్రానికి నడుము పట్టేసింది. మర్నాడు మేస్త్రీ లింగరాజు ఇటుకలు తీయించేశాడు. "జారి పడితే పూచీ ఎవులిది?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. వయసులో ఉండగా అదే షెడ్డులో పిక్కల బస్తాలు మోసి మేస్త్రీ అయినవాడు. తను కూర్చుని లేచేటప్పుడు నడుం మీద చెయ్యి వేసుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఎవరికీ చెప్పగా మాత్రం వినలేదు.

చెయ్యి పూర్తిగా రాకపోతే పిడి సగంలోనే ఆగిపోతుంది, పప్పు విరుగుతుంది. రోయిణమ్మ గంపలో విరిగిన పప్పు రోజురోజుకీ పెరిగింది. ఒక శనివారం లింగరాజు గంపలో చెయ్యి పెట్టి, విరిగిన పప్పు గుప్పెడు తీసి చూశాడు.

"పది రోజులు సూస్తాను రోయిణమ్మా. ఇలాగే ఉంతే ఈ మిషన్ మీద ఇంకో మడిసిని ఎడతాను. నానేటి సెయ్యను, పైనుంచి నన్నడుగుతారు."

"ఈ పని తప్ప నాకేటొచ్చు మేస్త్రీ?"

ఆయన పక్క మిషన్ దగ్గరకు వెళ్లిపోయాడు.

సోమవారం రోయిణమ్మ రాలేదు. నా ముందు ఎవరూ లేరు. ఎదురుగా దాలమ్మ పీట కూడా ఖాళీ, ఆవిడను వేరే మిషన్ దగ్గర కూర్చోబెట్టారు. మంగళవారం వచ్చింది. సర్కారు ఆసుపత్రికి వెళ్లిందట. పిడి పట్టుకోకుండా నా పలక మీద చెయ్యి ఆన్చి దాలమ్మకు చెప్పింది.

"డాక్టరమ్మ నా సెయ్యి పట్టుకుని పైకెత్తింది. నెగనేదు. ఏం పని చేస్తావమ్మా అనడిగింది. సెప్పినాను. ఆవిడికి బోదపడనేదు. మరి అక్కడే నిలబడి సేసి సూపించినాను. కాలు తొక్కుతూ, సెయ్యి లాగుతూ. పదిసార్లు అవకముందే 'ఆపమ్మా, ఆపు' అన్నాది."

"ఏటి రోగమంట?"

"వాతం కాదంట. కీలు బిగుసుకుపోయిందంట. అంత ఎత్తున సెయ్యి నిలబెట్టి రోజుకి అన్ని ఏల సార్లు లాగితే ఎవులికైనా అంతేనంట. మరి ఇంకో మాట అడిగిందప్పా. 'మీ షెడ్డులో నీకొక్కదానికేనా, అందరికీనా?' అని."

"నువ్వేటన్నావు?"

"తెలీదన్నాను. సిగ్గేసినాది. పదకొండేళ్ల నుంచి పక్కపక్కన నిలబడతన్నాం. ఎవులి సెయ్యి ఎక్కడ నొప్పో నాకు తెలీదు."

దాలమ్మ చేతిలోని కత్తి పీట పక్కన పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక రోయిణమ్మ పిక్కలు ఉడికించే బాయిలరు దగ్గర నుంచి ఒక బొగ్గుముక్క తెచ్చింది. నా వెనకాలే తెల్ల సున్నం కొట్టిన గోడ. అందరినీ పిలిచి, "ఒక్కొక్కరు గోడ వైపు తిరిగి రెండు సేతులూ ఎంతవరకు నెగితే అంతవరకు ఎత్తండి, నేను గీత గీస్తాను" అంది. ఎవరూ కదల్లేదు. నొప్పుందని తెలిస్తే చోటు పోతుందని అందరికీ భయం. అప్పటికే రోయిణమ్మ చోటు పోతోందని అందరికీ తెలుసు.

"మొదట నాది గియ్యండి" అని ఆవిడే గోడ వైపు తిరిగింది. ఎడమచెయ్యి తల దాటి పైకి పోయింది. కుడిచెయ్యి చెవి దాకా వచ్చి, వణికి, ఆగిపోయింది. దాలమ్మ రెండు గీతలూ గీసి, పక్కన పేరు రాసింది. వాటి మధ్య మూరెడు తేడా. అప్పుడు మూడో మిషన్ ఆవిడ ముందుకొచ్చి చీర కొంగు నడుముకు దోపుకుని చేతులెత్తింది. తర్వాత ఇంకొకావిడ. తర్వాత వరసలో నిలబడ్డారు.

అయ్యా, నేను ఉత్త ఇనుమును. అయినా ఆ గోడను మరిచిపోలేను. ఎడమ గీతలన్నీ పైన, కుడి గీతలన్నీ కింద. ఒకరిది జానెడు కింద, ఒకరిది మూరెడు కింద. కొత్తగా చేరినవాళ్లవి నాలుగు వేళ్లే కింద. ఏళ్లు గడిచినకొద్దీ కుడి గీత దిగుతూ వచ్చింది. ఇంతమంది భుజాలు ఇన్నేళ్లు సలుపుతూ ఉంటే నా పక్క నుంచి నవ్వులు, కబుర్లు, పెళ్లిమాటలే వినిపించాయి. ఆ నొప్పంతా ఎక్కడ దాచుకున్నారో! ఒక బోల్టు వదులైతే నేను షెడ్డంతా వినిపించేలా కీచుమంటాను. వాళ్లు ఒక్కరోజు కీచుమనలేదు.

పీటల మీద కూర్చునేవాళ్లూ చేతులెత్తారు. వాళ్ల రెండు గీతలూ సమానం. కోసేవాళ్లలో ఒక్కరివి మాత్రం సమానంగా వచ్చాయి. ఆవిడ పేరు కుంతల. పద్నాలుగేళ్లుగా కోస్తోంది.

"నీకు నొప్పి నేదేటే?" అని అడిగారంతా.

"నాకేటీ నేదమ్మా" అని కుంతల తప్పు చేసినదానిలా తల దించుకుంది. ఆవిడ షెడ్డులోకెల్లా పొడుగు మనిషి. ఎందుకు సమానంగా వచ్చాయో ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

లింగరాజు వచ్చి గోడను చూసి కేకలేశాడు. "సున్నం కొట్టిన గోడ పాడుజేసీసినారు! నీల్లు తెండి, తుడిసీండి!" నీళ్లు తెచ్చారు. చీపురు ముంచేలోగా ఆయన ఒక గీత దగ్గర ఆగి, పక్కన రాసిన పేరు చూశాడు. తర్వాత ఇంకొకటి చూశాడు. అలా గోడ చివరిదాకా నడిచాడు. "సర్లే, రేపు తుడుద్దురు గాని" అని బయటికి వెళ్లిపోయాడు. మర్నాడు ఆ మాట ఎత్తలేదు, ఆ మర్నాడూ ఎత్తలేదు.

శనివారం కత్తులు సాన పట్టడానికి కూర్మారావు వచ్చాడు. జుట్టు నెరిసింది, అయినా గుమ్మం దగ్గర తల వంచక తప్పని ఎత్తే. నా కత్తి విప్పుతూ గోడ వైపు చూసి, "ఏటీ గీతలు?" అన్నాడు. రోయిణమ్మ చెప్పింది. ఆయన పానా కింద పెట్టి గోడ దగ్గరికి వెళ్లాడు. గీత గీతా చూసుకుంటూ కుంతల గీతల దగ్గర ఆగాడు.

"ఈవిడెవులు?"

కుంతల వచ్చింది. ఆయన ఆవిడ భుజం ఎత్తు చూశాడు, తన భుజం ఎత్తు చూసుకున్నాడు. గబగబా వచ్చి నా ముందు నిలబడి మోచేయి మడిచాడు. పిడి సరిగ్గా ఆయన అరచేతికి అందింది. "రోయిణమ్మా, నువ్వు నిలబడు" అన్నాడు. ఆవిడ నిలబడి పిడి పట్టుకుంది. మోచేయి రెక్కలా పైకి లేచింది. కూర్మారావు చెయ్యి దించమని, జేబులోంచి టేపు తీసి ఆవిడ మోచేయి నుంచి నా పిడి దాకా కొలిచాడు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీసి కొలిచాడు.

"జానెడు" అన్నాడు. "ఒక్క జానెడు."

ఆ సాయంత్రమే షెడ్డు యజమాని షావుకారును లోపలికి తీసుకొచ్చాడు. షావుకారు గోడను చూసి ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "ఈ మిషన్లు పెట్టి ఇన్నేళ్లయింది కూర్మారావు. ఎప్పుడూ ఎవులూ ఏటీ అననేదు."

"అననేదు బావు. నేనూ అడగనేదు. నా మోచెయ్యి కొలతకి సేసీసినాను. నేను ముప్పై పిక్కలు కోసి బంగారమనీసినాను. ఈల్లు కోసినవి కోట్లు. తప్పు ఈల్లది కాదు, నాది. ఒక్క మిషన్ నాకొదిలీండి. కాళ్లు కోసీసి సూపిస్తాను. పాడైతే నా సేతులతో కొత్తది సేసిస్తాను."

షావుకారు రోయిణమ్మ వైపు చూశాడు. "నువ్వేటంతావు?"

"నాకు పది రోజులు గడువిచ్చినారు బావు. ఏడు అయిపోయినాయి. మిగిలిన మూడు రోజుల్లోనే ఆ కాళ్లు కొయ్యమనండి" అంది రోయిణమ్మ. లింగరాజు నేల చూపులు చూశాడు.

ఆ ఒక్క మిషన్ నేనే. ఆదివారం కూర్మారావు నన్ను పక్కకు పడుకోబెట్టి రంపం పెట్టాడు. పుట్టినప్పటి నుంచి ఆ కాళ్ల మీదే నిలబడ్డవాణ్ణి, భయపడలేదంటే అబద్ధం. కానీ రంపం కంటే నన్ను ఎక్కువ కదిలించింది ఆయన ముఖం. నన్ను చేసిన రోజు అంత గర్వంగా ఉన్న మనిషి, ఇప్పుడు చెమట తుడుచుకోకుండా తన పనినే తను కోసుకుంటున్నాడు. తన తప్పు కనిపించాక దాన్ని దాచుకోకుండా పదిమందిలో రంపం అందుకోవడం ఇనుముకు రాదు. అది మనిషికే వచ్చు. నాలుగు కాళ్లూ కోశాడు. పెడలు కడ్డీ పొట్టి చేశాడు. పిడికి చిన్న వంపు ఇచ్చాడు.

సోమవారం పొద్దున్న అందరూ పని ఆపి చుట్టూ చేరారు. రోయిణమ్మ ఆముదం, బూడిద రాసుకుని వచ్చి నా ముందు నిలబడింది. పిక్క పెట్టింది. తొక్కింది. లాగింది. మోచేయి నడుముకు ఆనుకునే ఉంది. టక్. ఇంకొకటి. టక్. ఇంకొకటి. పది పన్నెండు కోసి ఉన్నట్టుండి ఆగి, పిడి మీద తల వాల్చింది.

"ఏటైనాదే?" దాలమ్మ కంగారుగా లేచింది.

"ఏటీ అవనేదప్పా" అంది రోయిణమ్మ. ఏడుస్తోంది. "అదే. ఏటీ అవనేదు."

ఆ తర్వాత మొదట మాట్లాడినవాడు లింగరాజు. "మిగతావి ఎప్పుడు కోస్తావు కూర్మారావు?" అన్నాడు.

నాలుగు నెలల్లో మిషన్ల కాళ్లన్నీ కోసేవాళ్ల కొలతకు తగ్గట్టు అయ్యాయి. కుంతల మిషన్ ఒక్కటి అలాగే ఉంచారు. రోజంతా ఒకరే నిలబడకుండా, ఇంచుమించు ఒకే ఎత్తున్న ఇద్దరిని జత చేసి, పూటపూటకీ కోసేవాళ్లు, పప్పు తీసేవాళ్లు చోట్లు మార్చుకోవాలని కూడా ఆ రోజుల్లోనే పెట్టుకున్నారు. దాలమ్మ ముసలితనంలో కోత నేర్చుకుని, పప్పులన్నీ విరగ్గొడుతూ షెడ్డునంతా నవ్వించింది. రోయిణమ్మ డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ గోడ మీద వేళ్లను పాకించి పాకించి చేతిని పైకి తీసుకెళ్లేది.

ఏడాది తర్వాత మళ్లీ గీతలు గీశారు. కొత్తవాళ్ల కుడి గీతలు ఎడమవాటిని అందుకున్నాయి. పాతవాళ్లవి కొంత దూరం ఎక్కి ఆగాయి. రోయిణమ్మది నాలుగు వేళ్లు తక్కువగానే ఉండిపోయింది, ఎప్పటికీ. ఆవిడ ఆ ఖాళీ మీద వేళ్లు పెట్టి చూసుకుంది. "ముందే ఒకల్లనొకల్లం అడుక్కునుంతే ఇదీ నిండును" అంది మెల్లగా. తర్వాత కొంగు దులుపుకుని పనిలోకి వచ్చింది. ఆ మీద షెడ్డులో ఎవరు కొత్తగా చేరినా రోయిణమ్మే ముందు వాళ్ల మోచేయి ఎత్తు కొలిచి, ఆ తర్వాతే మిషన్ చూపించేది. లింగరాజు ఆ పని ఆవిడకే వదిలేశాడు. ఒకరోజు ఆవిడ చెవిలో తన నడుం సంగతి కూడా చెప్పాడు. నేను విన్నాను, ఎవరికీ చెప్పలేదు.

తర్వాత కొన్నేళ్లకు కరెంటు మిషన్లు వచ్చాయి. గంటకు బస్తాలు బస్తాలు అవే కోసేస్తాయి. మనిషి చెయ్యి అక్కర్లేదు. ఆడవాళ్లను పప్పు ఏరే బల్లల దగ్గరకు మార్చారు. కొత్త బల్లలు దిగిన రోజు అందరూ వాటి నునుపు చూసి మురిసిపోతుంటే, రోయిణమ్మ మాత్రం వాటి ముందు నిలబడి తెచ్చినవాళ్లను ఒకే మాట అడిగింది.

"ఇది ఎవులి కొలతకి సేసినారు?"

అప్పటికి నన్ను లారీలోకి ఎక్కిస్తున్నారు. బల్లల సంగతి ఏమైందో నేను చూడలేదు. అయితే ఆవిడ అలా అడిగాక జవాబు తీసుకోకుండా కదిలే మనిషి కాదని నాకు తెలుసు.

ఇప్పుడు నేను హైవే పక్కన ఒక పాత సామాన్ల కొట్టులో ఉన్నాను. నా చుట్టూ సైకిలు చక్రాలు, పంపు గొట్టాలు, తుప్పు పట్టిన తలుపులు. ఇక్కడ ఇనుమును వేరు చేసే పని ఇద్దరు ఆడవాళ్లది. వాళ్లకు నేనెవరో తెలియదు, నాకు వాళ్ల పేర్లు తెలియవు. నిన్న పెద్దావిడ నన్ను తూకం బల్ల మీదికి చేర్చబోయి, నడుం వంచి, ఒక్కతే నా పలక కింద చేతులు పెట్టింది. ఊపిరి బిగపట్టింది.

"ఆగు పిన్నీ, ఒక్కదానివే ఎత్తకు! నడుం పట్టీసుద్ది." రెండో ఆవిడ చేతిలో ఉన్నది పడేసి పరిగెత్తుకొచ్చింది. "మోకాలు వొంచు. నేనిటు పడతాను. నేనన్నప్పుడు లెగు."

ఒకరు ఇటు, ఒకరు అటు కూర్చున్నారు. నా కింద నాలుగు చేతులు చేరాయి, వేడిగా, గరుగ్గా, చెమటతో.

"లెగు" అంది ఆవిడ.

నేను నేల విడిచి పైకి లేచాను.